ఎందుకు చేసినట్లు?

ఇంగ్లీషులో ‘మోటివ్’ అనే చిన్న మాట ఒకటి ఉన్నది. హత్య జరిగినా, మంత్రి రాజీనామా ఇచ్చినా, పైసా రాల్చని షావుకారు ఒకనాడు హఠాత్తుగా సత్రము కట్టించినా, దీని వెనుక మోటివ్ ఏమిటని అడుగుతారు. తెలుగు పత్రికలలో కూడా ఈ మాట తెలుగు లిపి తొడుక్కొని తిరుగుతున్నది. దీనికి తెలుగేమిటని నలుగురిని అడిగి చూడండి. ఒకరు ఉద్దేశము అంటారు. ఒకరు కారణము అంటారు. సంస్కృతము చదువుకున్నవారు హేతువు అంటారు. కళాశాలనుండి క్రొత్తగా వచ్చినవారు ప్రేరణ అంటారు. ఏదైతేనేమి, నాలుగూ ఒకటే కదా అని సర్దుకుంటాము. నాలుగూ ఒకటి కావు. ఇండ్లలో మాట్లాడుకునేటప్పుడు ఈ సర్దుబాటు వలన వచ్చే నష్టము లేదు. ఒక మనిషి తప్పు చేసినాడా లేదా అని తేల్చవలసిన చోట మాత్రము నష్టము ఉన్నది.

ఒక సంఘటనను ఊహించుకుందాము. విశాఖపట్నములో ఒక జాలరి. అప్పు చేసి కొన్న వల. ఒకనాటి సాయంకాలము ఒక మరపడవ అతని వల మీదుగా పోయి దానిని చీల్చివేసినది. నష్టము అడిగితే పడవ యజమాని నవ్వి ఊరుకున్నాడు. ఆ రాత్రి జాలరి పోయి, ఒడ్డున కట్టి ఉన్న ఆ మరపడవ మోకును కత్తితో కోసినాడు. గాలి వీచినది. పడవ కొట్టుకుపోయి రాళ్ళకు తగిలి బ్రద్దలైనది. కేసు నడిచినది. చేసిన పని ఒప్పుకుంటానని జాలరి మేజిస్ట్రేటు ఎదుట నిలబడినాడు.

“మోకు కోయడములో నీ ఉద్దేశమేమి?” అని అడిగినారు.

“ఉద్దేశమూ గిద్దేశమూ నేదు బాబూ. కడుపు మండి కోసీసినాను” అన్నాడు అతడు.

ఈ వాఙ్మూలము తెలుగులోనే వ్రాసుకొన్నారనుకుందాము. కేసు పై కోర్టుకు పోవలసి వచ్చినప్పుడు అది ఇంగ్లీషులోనికి మారవలెను. అనువాదము చేసే గుమాస్తా ‘ఉద్దేశము’ అన్నచోట ‘మోటివ్’ అని వ్రాస్తే, ఇతనికి ఆ పడవమీద ఏ పగా లేదని అర్థము వస్తుంది. అతడు చెప్పినది సరిగా దీనికి వ్యతిరేకము. ‘ఇంటెన్షన్’ అని వ్రాస్తే, తెలిసి చేసిన పని కాదు, చేయి జారినదని అర్థము వస్తుంది. అదీ అతడు చెప్పినది కాదు. ఒక పేదవాడు పది మాటలు కూడా లేని జవాబు చెప్పినాడు. దానిని మరొక భాషలోనికి మార్చబోతే రెండు దారులూ తప్పు దారులే అయినవి. తప్పు జాలరిది కాదు, గుమాస్తాదీ కాదు. అడిగిన ప్రశ్నలోనే ఉన్నది.

అసలు ఈ మాట పుట్టుక చూద్దాము. కదలించుట అనే అర్థము గల లాటిన్ ధాతువునుండి ఇది వచ్చినది. మోటారు, మోషను, ప్రమోషను, ఎమోషను అన్నీ ఆ ఇంటి పిల్లలే. విశాఖపట్నము వారికి ఈ కుటుంబముతో పరిచయము కొత్త కాదు. వాల్తేరు షెడ్డులో నిలిచే రైలింజనుకు లోకోమోటివ్ అని పేరు. ఒక చోటునుండి మరొక చోటికి కదలించునదని ఆ పేరుకు అర్థము. కిరండూలు గనులనుండి అనంతగిరి కొండలు దిగి ఇనుపరాయిని రేవుకు మోసుకువచ్చే బండ్లను కదలించేది మోటివ్ అయితే, మనిషిని ఒక పనిలోనికి కదలించేది కూడా మోటివే. ఇంగ్లీషువారి దృష్టిలో రెండింటికీ పోలిక అంత దగ్గర.

ఈ పోలికను ఇంకొంచెము సాగదీయవచ్చును. కొండ ఎక్కే బరువు రైలుకు కొన్ని చోట్ల ముందొక ఇంజను, వెనుక ఒక ఇంజను తగిలిస్తారు. ముందుది లాగుతుంది, వెనుకది నెడుతుంది. మనిషి చేసే పనికి కూడా ఇట్లే రెండు ఇంజనులు. జరిగిపోయినది ఏదో వెనుకనుండి నెడుతుంది. కావలసినది ఏదో ముందునుండి లాగుతుంది. మన ‘ఎందుకు’ అనే ప్రశ్న ఈ రెండింటినీ ఒకే నోట అడుగుతుంది. “ఎందుకు ఏడుస్తున్నావు?” అని పిల్లవానిని అడిగితే, “అన్న కొట్టినాడు” అని వెనుకకు చూపిస్తాడు. “ఎందుకు వచ్చినావు?” అంటే, “పుస్తకము కోసము” అని ముందుకు చూపిస్తాడు. విడదీసి అడగవలెనంటే తెలుగులో ‘ఎందువలన’ ఉన్నది, ‘ఎందుకొరకు’ ఉన్నది. రోజూ వాడుకునే భాషలో అంత ఓపిక ఎవరికి? “వానినెందుకు కొట్టినావు?” అన్న ఒకే ప్రశ్నకు “నన్ను తిట్టినాడు” అన్నదీ జవాబే, “మళ్ళీ తిట్టకుండా ఉండడానికి” అన్నదీ జవాబే. ఇంగ్లీషు మోటివ్ ఈ రెండు జవాబులనూ తనలో ఇముడ్చుకొంటుంది. మన మాటలు అట్లు ఇముడ్చుకొనవు. కొన్ని వెనుకకు తిరిగి ఉంటాయి, కొన్ని ముందుకు.

కారణము వెనుకకు తిరిగిన మాట. పైగా దానికి మనస్సుతో పని లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నమును ఊడ్చిపెట్టినది. ఆ తుఫానుకు కారణము ఉన్నది; సముద్రపు వేడి, గాలి, పీడనము అని వాతావరణ శాఖవారు చెప్పగలరు. దానికి మోటివ్ లేదు. మోటివ్ అన్న మాట పుట్టవలెనంటే చేసినవానికి మనస్సు ఉండవలెను. అందుచేత మనిషి పనికి కారణమేమని అడిగినప్పుడు, అతనిని గాలిలోను వానలోను కలిపి అడిగినట్లే అవుతుంది.

ప్రయోజనము ముందుకు తిరిగిన మాట. మన పూర్వులకు ఈ భేదము బాగుగా తెలుసును. న్యాయశాస్త్రమువారు పదునారు పదార్థములను లెక్కించి ప్రయోజనమునకు నాలుగవ స్థానము ఇచ్చినారు. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యప్రకాశము మొదటనే కావ్యమునకు ప్రయోజనములు వేరుగా, హేతువు వేరుగా చెప్పినాడు. కీర్తి, ధనము, లోకజ్ఞానము, అమంగళ నివారణము, చదివిన క్షణముననే కలిగే ఆనందము, ప్రియురాలు చెప్పినట్లు మెత్తగా చెప్పే హితము, ఇవి ప్రయోజనములు. పుట్టుకతో వచ్చిన శక్తి, లోకమును శాస్త్రములను చూచి సంపాదించిన నేర్పు, అభ్యాసము, ఈ మూడూ కలిసి హేతువు. కవి ఎందుకు వ్రాస్తాడు అన్నదానికి ఇంత తేటగా విడదీసిన జవాబు మరొకటి నేను చూడలేదు. అయితే ఒక ఫలానా కవి ఒక ఫలానా రాత్రి నిద్ర మాని దీపము ముందు ఎందుకు కూర్చున్నాడు? తోటి కవిమీద అసూయనా, రాజుమీద కోపమా, చచ్చిపోయిన బిడ్డ జ్ఞాపకమా? ఈ ప్రశ్న మమ్మటుడు వేయలేదు. ఆయన శాస్త్రమునకు అది అనవసరము. ఇంగ్లీషు మోటివ్ అడిగేది ఆ ప్రశ్ననే.

హేతువు అన్న మాటకు న్యాయము చేయవలెను. దాని ధాతువుకు ప్రేరేపించుట, ముందుకు పంపుట అని అర్థము. అంటే పుట్టుకలో అది మోటివ్‌కు తోబుట్టువే. కాని తర్కశాస్త్రము దానిని ఎత్తుకొనిపోయినది. కొండమీద నిప్పున్నదని చెప్పడానికి పొగ హేతువు. బడిలో పరీక్ష కాగితము మీద ‘హేతువులు తెల్పుము’ అని వ్రాస్తారు. హేతువాదము అంటే బుద్ధితో విచారించే వాదము. ఇన్ని తర్కములు అంటుకున్న తరువాత కడుపుమంటను హేతువు అనబోతే, ఆ జాలరి కూర్చుండి ఆలోచించి, లెక్క వేసి మోకు కోసినట్లు వినబడుతుంది.

ఇక ఉద్దేశము. ఈ మాట దగ్గర ఎక్కువ సేపు నిలవవలసి ఉన్నది, ఎందుకనగా పొరపాటు జరిగేది ఎక్కువగా ఇక్కడనే. ముందుగా ఒక చిన్న మాట: చాలమంది ‘ఉద్దేశ్యము’ అని వ్రాస్తారు. ఉద్దేశము మనస్సులోని సంకల్పము. ఉద్దేశ్యము ఆ సంకల్పము గురిపెట్టిన వస్తువు. గురిపెట్టుట వేరు, గురి వేరు. ఈ భేదము నేడు పత్రికలలో చెరిగిపోయినది. దానికొరకు ఎవరితోను తగవుపడను. కాని ఉద్దేశమునకు మోటివ్‌కు గల భేదము చెరిగిపోతే ఊరుకోవడము కష్టము.

ఈ భేదమును చెప్పడానికి విశాఖ రేవులోనే ఒక మంచి ఉదాహరణ ఉన్నది. రేవును బెంగాల్ నాగపూరు రైల్వేవారు నిర్మించినారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే మొదటి ఓడ లోనికి వచ్చినది. ఆ డిసెంబరు 19న వైస్రాయి వెల్లింగ్డన్ ప్రభువు ప్రారంభోత్సవము చేసినాడు. ఈ రేవుకు పెద్ద శత్రువు ఇసుక. నైరుతి గాలుల కాలములో తీరము వెంబడి దక్షిణమునుండి ఉత్తరమునకు ఇసుక నడుస్తుంది. వదిలివేస్తే రేవు నోటిని పూడ్చివేస్తుంది. ఆ ఇసుకనూ కెరటములనూ అడ్డుకోవడానికి ఇంజనీర్లు డాల్ఫిన్స్ నోస్ కొండ చేరువలో రెండు పాత ఓడలను తామే ముంచి అడ్డుగా నిలిపినారు.

ఇప్పుడు అడగండి. ఓడలను ముంచిన వారి ఉద్దేశమేమి? ముంచడమే. పొరపాటున మునిగినవి కావు. తెలిసి, నిర్ణయించి ముంచినారు. మరి మోటివ్? రేవు నోరు పూడకుండ కాపాడడము. మరొక రేవులో మరొకడు తన పాత ఓడను బీమా సొమ్ముకొరకు ముంచినాడనుకుందాము. అతని ఉద్దేశము కూడా ఇదే, ముంచడమే. మోటివ్ మాత్రము వేరు. ఇంజనీరు ఉద్దేశమునూ బీమా దొంగ ఉద్దేశమునూ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా కనబడదు. తేడా అంతా ఉద్దేశము వెనుక ఉన్న దానిలో ఉన్నది. ఏమి చేయవలెనని పూనుకొన్నాడో అది ఉద్దేశము. ఆ పూనికకు అతనిని దేవి తెచ్చినది మోటివ్.

న్యాయశాస్త్రము ఈ రెండింటినీ రెండు అరలలో పెట్టినది. నేరము నేరమగునా కాదా అని తేల్చేది ముఖ్యముగా ఉద్దేశము. మోటివ్ మంచిదైనంత మాత్రాన నేరము మాయము కాదు. బిడ్డ ప్రాణముకొరకు మందు దొంగిలించిన తండ్రిది దొంగతనమే, శిక్ష వేసేటప్పుడు న్యాయమూర్తి మనస్సు మెత్తబడితే మెత్తబడవచ్చును. మోటివ్ దొరకనంత మాత్రాన నేరము లేనట్లూ కాదు. మోటివ్‌కు ఉన్న చోటు సాక్ష్యములో ఉన్నది. 1872 నాటి సాక్ష్యపు చట్టములో 8వ సెక్షను దానిని, ముందు చేసిన సన్నాహమును, ముందు వెనుకల నడవడిని కలిపి, విచారణకు తగిన సంగతులన్నది. 2024 జూలై 1న ఆ చట్టము పోయి భారతీయ సాక్ష్య అధినియము వచ్చినది. ఆ సంగతులు అందులో 6వ సెక్షనులోనికి మారినవి. మాట మారలేదు. కళ్ళతో చూచిన నమ్మదగిన సాక్షి ఉంటే మోటివ్ దొరకకపోయినా కేసు నిలుస్తుంది. చూచినవారు లేక, పరిసరములనుబట్టి మాత్రమే తేల్చవలసినప్పుడు మోటివ్ బలమైన లంకె అవుతుంది. ఆ లంకె తెగిందా లేదా అన్నదే ఒక్కొక్కప్పుడు ఒక మనిషి ఇంటికి పోవడమా, జైలుకు పోవడమా అన్న సంగతి. అటువంటి చోట ఉద్దేశమును తెచ్చి మోటివ్ కుర్చీలో కూర్చోబెడితే, చీటీల పేర్లు మార్చి మందు సీసాలు అందించినట్లే.

కోర్టుల వెలుపల ఈ ఇంగ్లీషు మాటకు ఒక వాసన ఉన్నది. మంచి పని చేసినవానిని నీ మోటివ్ ఏమిటని అడగడము మర్యాద కాదు. అడిగినామంటేనే అనుమానించినట్లు. లోక్‌సభ నియమావళి 352వ నియమము ఒక సభ్యుడు మరొక సభ్యునికి మోటివ్ అంటగట్టుతూ మాట్లాడరాదన్నది. మంచి మోటివా, చెడ్డ మోటివా అని చెప్పనక్కరలేకపోయినది; అంటగట్టేది చెడ్డదే అని అందరికీ తెలుసును. ఉద్యోగములకు దరఖాస్తులు వ్రాసే యువకులు ఇది గమనించవలెను. మీ సంస్థలో చేరడానికి నా మోటివ్ ఇది అని వ్రాస్తే ఇంగ్లీషు చెవికి ఏదో కుట్ర ఒప్పుకున్నట్లు వినబడుతుంది. అక్కడ ‘రీజన్’ చాలును, ‘పర్పస్’ ఇంకా బాగు. చిత్రమేమనగా ఇదే మాటకు తోక తగిలించి ‘మోటివేషన్’ అంటే ఆ దుర్వాసన పోయి పరిమళము వస్తుంది. కర్మాగారములలోను కళాశాలలలోను డబ్బిచ్చి మరీ మోటివేషన్ ఉపన్యాసములు పెట్టిస్తారు. మోటివ్ ఉన్నవాడిని అనుమానిస్తాము, మోటివేషన్ ఉన్నవాడిని మెచ్చుకుంటాము!

ఆ అనుమానపు వాసనతో సహా పట్టుకోగల మాట తెలుగులో ఆంతర్యము. లోపల ఉన్నది అని అర్థము. దీని ఆంతర్యమేమి అన్నప్పుడు పైకి చెప్పేది ఒకటి, లోపల మరొకటి అని ముందే అనుకొని అడుగుతాము. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములో గిరీశము వితంతు వివాహము, సంఘ సంస్కరణ అని ధారాళముగా ఉపన్యాసములిస్తాడు. అవి అతడు చెప్పే కారణములు. బుచ్చమ్మ మీది ఆశ ఆంతర్యము. లోగుట్టు పెరుమాళ్ళకెరుక అంటారు గాని, గిరీశము లోగుట్టు నాటకము చూచిన వారందరికీ ఎరుకే. ఆంతర్యమునకు ఒక లోపము మాత్రము ఉన్నది. దాచుకొనని మోటివ్‌ను అది చెప్పలేదు. మన జాలరి ఏమీ దాచలేదు. కడుపు మండినదని కోర్టులో నిలబడి చెప్పినాడు.

మిగిలినది ప్రేరణ. చూడబోతే ఇది మోటివ్‌కు అచ్చముగా సరిపోవలెను. దీని ధాతువుకు కూడా కదలుట అనే అర్థము. లాటిన్‌వారూ మనవారూ ఒకే పోలికతో ఒకే మాట కట్టుకున్నారని సంతోషించవలసినదే. కాని తెలుగు వ్యాకరణము చదువుకున్న ఏ పిల్లవానినైనా ప్రేరణార్థకమంటే ఏమని అడగండి. చేయు, చేయించు, వ్రాయు, వ్రాయించు, కోయు, కోయించు అని అప్పజెబుతాడు. అంటే మన చెవిలో ప్రేరణ అనగానే మరొకడు వచ్చి నిలుస్తాడు. చేసినవాడు ఒకడు, చేయించినవాడు మరొకడు. ‘ఆత్మహత్యకు ప్రేరేపించినారన్న కేసు’ అని పత్రికలో చదివినప్పుడు చనిపోయినవారి మనస్సును గురించి కాక, మరొకరి చేతను గురించి అనుకుంటాము. ఇంగ్లీషు మోటివ్ చేసినవాని లోపల ఉండే ఇంజను. తెలుగు ప్రేరణ వెలుపలనుండి వచ్చి తగులుకొనే ఇంజను. జాలరిని నీ ప్రేరణ ఏమిటని అడిగితే, నిన్నెవరు ఎగదోసినారని అడిగినట్లు వింటాడు. అతడు ఎవరి పేరైనా చెప్పెనా, ఇంకొక అమాయకుడు బోనెక్కుతాడు.

ఈ తేడా ఒక మనిషితో పోయేది కాదు. ‘రాజకీయ ప్రేరేపితము’ అనే మాట రోజూ వింటున్నాము. ఇంగ్లీషు మాటకు మక్కికి మక్కి అనువాదము అది. ఇంగ్లీషులో ఆ మాటకు, చేసినవారి కోరిక రాజకీయమైనదని అర్థము. తెలుగులోనికి వచ్చేటప్పటికి, రాజకీయులు వెనుక ఉండి చేయించినారని అర్థము అయినది. 1966లో విశాఖపట్నములో ఉక్కు కర్మాగారము కొరకు అమృతరావుగారు నిరాహారదీక్షకు కూర్చున్నారు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదము ఊరూరా మ్రోగినది. ఆ నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగినవి. ఆ ఉద్యమములో రాష్ట్రము మొత్తము మీద 32 మంది ప్రాణములు పోయినవని లెక్క చెబుతారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారమును ప్రకటించినది. 1971 జనవరి 20న శంకుస్థాపన చేసినది. కర్మాగారము జాతికి అంకితమైనది 1992 ఆగస్టు 1న. ఆ 1966 నాటి గుంపులో ఉన్న ఒక విద్యార్థిని తలచుకొనండి. అతనికి కోరిక ఉన్నది. ఉద్యోగమో, ఊరి బాగో, ఆంధ్రుడననే అభిమానమో, తోటివారి ఉత్సాహమో. అది రాజకీయమైన కోరిక అంటే అననిండు, తప్పు లేదు. అతనిని ప్రేరేపితుడు అన్నామంటే, వాడు తన కాళ్ళమీద రాలేదు, ఎవరో తోలితే వచ్చినాడని అన్నట్లు. చనిపోయినవానికి ఎదురు చెప్పే వీలు కూడా లేదు. 2021 జనవరిలో ఈ కర్మాగారములోని ప్రభుత్వ వాటాను అమ్మివేయడానికి కేంద్రము సూత్రప్రాయముగా అంగీకరించిన తరువాత అదే నినాదము మరల వీధులలోనికి వచ్చినది. ఆ మనుష్యులను గురించి ఏమి వ్రాసినా సరే, వారి కోరిక ఎటువంటిదని వ్రాస్తున్నామా, వారిని ఎవరు తోలినారని వ్రాస్తున్నామా అని కలము పట్టినవారు ఒక్క నిమిషము ఆగి చూచుకుంటే బాగుండును. మొదటిది అభిప్రాయము. రెండవది అభియోగము, దానికి సాక్ష్యము కావలెను.

మరి మోటివ్‌కు తెలుగు లేదా అంటే, నామవాచకము కొరకు వెదకడమే మనము చేస్తున్న పొరపాటు అని నాకు తోస్తున్నది. పోలీసు స్టేషనులో ఫిర్యాదు వ్రాసే సాధారణమైన తెలుగు చూడండి. ‘పాత కక్షలు మనసులో పెట్టుకొని నామీద పడి కొట్టినాడు’ అని ఉంటుంది. ఏ పండితుడూ కూర్చిన మాట కాదది. ఏ నిఘంటువులోను మోటివ్‌కు ఎదురుగా దానిని నేను చూడలేదు. అయినా మోటివ్ పని అంతా అదే చేస్తున్నది. ‘మనసులో’ అన్నందువలన ఇంజను లోపలనే ఉన్నది. ‘పెట్టుకొని’ అన్నందువలన పెట్టుకొన్నవాడు అతడే, మరొకడు తెచ్చి పెట్టలేదు. పెట్టుకొన్నది జరిగిపోయిన కక్ష కావచ్చును, రాబోయే ఆస్తి కావచ్చును. వెనుకకు చూచినా ముందుకు చూచినా ఇముడుతుంది. కొట్టడము అన్న పని వేరుగా, దాని ఉద్దేశము వేరుగా మిగిలి ఉన్నవి. గిరీశము బుచ్చమ్మను మనసులో పెట్టుకొని సంస్కరణ మాట్లాడినాడు. ఇంజనీర్లు ఇసుకను మనసులో పెట్టుకొని ఓడలు ముంచినారు. రెండూ చక్కని తెలుగే.

కాబట్టి ఆ జాలరిని ‘ఉద్దేశమేమి’ అని కాక, ‘ఏమి మనసులో పెట్టుకొని ఆ మోకు కోసినావు?’ అని అడిగి ఉండవలసినది. అతడు తన వల సంగతి చెప్పి ఉండును, అప్పు సంగతి చెప్పి ఉండును, నష్టమడిగితే నవ్విన నవ్వు సంగతి కూడా చెప్పి ఉండును. గుమాస్తా ఆ జవాబు ప్రక్కన నిశ్చింతగా ‘మోటివ్’ అని వ్రాసుకొనగలిగి ఉండును. రెండవ ప్రశ్న దానితో కలపకుండ విడిగా వేయవలెను. ఒకరి సొత్తుకు చేటు చేసిన నేరములో చట్టము చూచేది, చేటు కలిగించవలెనన్న ఉద్దేశము ఉన్నదా, లేక కలుగుతుందన్న ఎరుక అయినా ఉన్నదా అని. దానికి ఇంగ్లీషూ అక్కరలేదు, సంస్కృతమూ అక్కరలేదు. ఆ రాత్రి గాలి ఎటు వీస్తున్నది? మోకు తెగితే పడవ రాళ్ళమీదికి పోతుందని నీకు తెలుసునా? అని అడగవలెను. పుట్టినది మొదలు సముద్రము మీద బ్రతికినవాడు. దానికి అతడు చెప్పే జవాబు మీదనే తీర్పు ఆధారపడి ఉంటుంది.